పాయింటు అయ్యన్న

ఇంగ్లీషు దొరలు ఈ దేశం విడిచి ఎందుకు పోయారో బడిపుస్తకాల్లో ఏదేదో రాసి ఉంటుంది. అదంతా ఒట్టిమాట. వాళ్ళు పోయింది మా తాత అయ్యన్నకు భయపడి. ఆయన పుట్టిన నాలుగైదేళ్ళకే ఓడలెక్కారంటే లెక్క సరిపోవడం లేదూ? తాము అంత దూరం నుంచి మోసుకొచ్చిన భాషలోంచి ఒకే ఒక్క మాట లాక్కుని, దాని చేత తమకంటే ఎక్కువ చాకిరీ చేయించే మొనగాడు కోడుమూరు పడమటి పల్లెలో దోగాడుతున్నాడని ఎవరో చెవిన వేసి ఉంటారు. ఇక మనకిక్కడ పనేముంది అనుకుని మూటాముల్లె సర్దుకున్నారు.

ఆ మాట పాయింటు.

పెళ్ళయిన కొత్తలో దొరికింది అది తాతకు. ఊరి చేలల్లోకి ఒక జీపు వచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరు భూమిలో ఇనుప మేకులు దిగ్గొట్టించి, వాటికి వైర్లు తగిలించి, పెట్టెలో ముల్లు చూసుకుంటూ తిరిగాడు. మేకులు మోసిన కూలీ మా తాత. పొద్దు వాలేసరికి ఆఫీసరు ఒకచోట నిలబడి, బూటు మడమతో గుండ్రంగా గీసి, "పాయింట్" అన్నాడు. అక్కడ బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. మేకులు ఏం చెప్పాయో, ముల్లు ఏం విన్నదో తాతకు అంతుపట్టలేదు. మాట మాత్రం బాగా పట్టుబడింది. మనిషి నిలబడి, మడమతో గీసి, ఆ మాట అన్నాడంటే భూమి వినాల్సిందే.

మేకులూ పెట్టే తనకు లేవు కాబట్టి టెంకాయ పట్టాడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని, కళ్ళు సగం మూసి, చేనంతా మెల్లగా నడుస్తాడు. నీళ్ళున్న చోటికి రాగానే టెంకాయ తనంతట తానే నిలువుగా లేస్తుంది. లేచిన చోట రాయి పాతి, పసుపు కుంకుమ పూసి, నిమ్మకాయ కోస్తాడు. మా వైపు పాయింటు పెట్టడమంటే ఇదే. బోరు బండి వచ్చేదాకా ఆ రాయిని ఎవరూ దాటకూడదు. మేక కూడా దాటకూడదు.

పత్తికొండ టమాటా మార్కెట్టులో ఒకసారి ఎవరో అన్నారట, ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళ చేతిలోనే టెంకాయ లేస్తుందని. మా సీమలో ఈ మాట ఎవరినడిగినా చెబుతారు. తాత ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడగకుండా, "నాది ఓ పాజిటివ్" అన్నాడు.

"ఎవరు చెప్పినారు?" అంది ఆయన భార్య సోమక్క, అంటే మా జేజి.

"టెంకాయ చెప్పింది."

"ఇంకేమి చెప్పింది? రేపు వంటకు కట్టెలు యాడుండాయో చెప్పలేదా?"

టెంకాయ కట్టెల సంగతి చెప్పలేదు. కానీ పాయింటు మాటకు మాత్రం ఆ ఇంట్లో తీరిక లేకుండా పోయింది. గోడకు స్విచ్చు పక్కనున్న బొక్కలు కరెంటు పాయింటు అని ఊరందరికీ తెలుసు, అది వేరే. పంచాయితీలో ఎవరైనా తాతముత్తాతల నుంచి మొదలుపెడితే, "పాయింటుకు రాప్పా, ఎద్దులకు మేతెయ్యల్ల" అనేవాడు. పులుసులో ఉప్పు కుదిరితే ఉప్పు పాయింటుకు వచ్చింది. ఆవు ఈనుతుంటే దూడ తల పాయింటుకు వచ్చింది. డోన్ స్టేషనులో రైలు పట్టాలు కలిపే మనిషిని పాయింట్సుమన్ అంటారని విన్ననాడు, "రైలుకు గూడా పాయింటు పెట్టేటోడు ఉండాడు సూడు, నా మాదిరే" అని పొంగిపోయాడు. కోడుమూరు బస్టాండు పక్కన చికెన్ పాయింటు అని బోర్డు ఉందని మనవరాలు చదివి చెప్పినప్పుడు మాత్రం మనసు కష్టపెట్టుకున్నాడు. "కోడికి పాయింటేంది మే? కోసేదేగా!"

పాయింటు పెట్టిన చోట నీళ్ళు పడకపోతే? తప్పు పాయింటుది కానే కాదు, ఎవరో రాయి దాటి ఉంటారు. హనుమన్న చేలో బండి ఒట్టి తెల్లదుమ్ము లేపిననాడు, ఆయన కోడలు బిందె ఎత్తుకుని రాయి దాటిందని తాత తేల్చాడు. ఆ కోడలు ఆ వారమంతా పుట్టింట్లో ఉందని తర్వాత బయటపడింది. అప్పుడు హనుమన్న కుక్క దాటింది. కుక్కకు పుట్టిల్లు లేదు కాబట్టి ఆ నింద దాని మీదే నిలిచిపోయింది.

ఇట్లా నవ్వుకుంటూ జరిగిపోయేదే. కానీ వానలు వరుసగా మొహం చాటేశాయి. రెండువేల మూడు వచ్చేసరికి పాత బోర్లు ఒక్కొక్కటే గాలి కక్కడం మొదలుపెట్టాయి. పాయింటు కోసం తాత దగ్గరికి వచ్చేవాళ్ళ ముఖాల్లో నవ్వు లేదు. ఒకరు ఆవును అమ్మి వచ్చేవారు, ఒకరు పెండ్లాము మెడలోది అమ్మి వచ్చేవారు. తాత టెంకాయ పట్టేవాడు. టెంకాయ లేచేది. బండి వచ్చేది. దుమ్ము లేచేది.

అప్పుడు వచ్చాడు ఓబులేషు. తాత చెల్లెలి కొడుకు. తల్లి పోయాక మా ఇంట్లోనే పెరిగాడు. వానికి ఉల్లిగడ్డ పండే చేను కొద్దిగా ఉంది, అందులో ఎండిపోయిన బోర్లు రెండున్నాయి. మొదటిది ఎవరో పెట్టిన పాయింటు. రెండోది తాత పెట్టినదే. ఇక వాని చేతిలో మిగిలింది ఎద్దుల జత. ఎర్రగా, నున్నగా, ఊళ్ళో ఎవరి జతకూ తీసిపోనివి. వాటిని అమ్మి మూడో బోరు వేస్తానన్నాడు. నీళ్ళు పడితే ఎద్దులు మళ్ళీ వస్తాయి. పడకపోతే ఎద్దులూ లేవు, సేద్యమూ లేదు. పెండ్లాము గిడ్డమ్మనూ, బడికి పోతున్న కూతురు శివానినీ వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు తెంచడానికి సుగ్గికి, అంటే వలసకూలికి, పోవాలి. ఒకసారి ఎద్దులు లేకుండా సుగ్గికి పోయినవాడు తిరిగొచ్చినా చేలోకి దిగలేడని మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"నువ్వు పెడితేనే మామా. ఇంకొకరిని పిల్సను" అన్నాడు.

తాత చేనంతా నడిచాడు. పడమటి గట్టుకు దగ్గరగా టెంకాయ లేచింది. మడమతో గీశాడు. రాయి పాతాడు. "పాయింటు" అన్నాడు. ఓబులేషు ఆ రాయికి మొక్కి, చుట్టూ తుమ్మకంప కొట్టాడు.

ఆ వారంలోనే జేజి నడుము పట్టుకుని వంటింట్లో కూలబడింది. శానా దినాల నుంచి రక్తం పోతున్నా ఎవరికీ చెప్పలేదు. కొడుకు, అంటే మా నాయన, అప్పటికే సుగ్గికి పోయి ఉన్నాడు. తాతే ఆమెను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాడు. గర్భసంచి తీసేయాలన్నారు.

నర్సమ్మ వచ్చి, "పెద్దాయనా, ఈమెకు రక్తం ఆరు పాయింట్లే ఉంది. ఎక్కించందే ఆపరేషన్ చెయ్యరు" అంది.

తాత ముఖం వెలిగిపోయింది. "రక్తానికి గూడా పాయింట్లు ఉండాయా తల్లీ!"

మంచం మీద పడుకున్న జేజి కళ్ళు తెరవకుండానే అంది: "నేను సస్తాంటే, మాటకు ఇంకో మాట దొరికిందని మురుస్తాండాడు సూడమ్మా ఈ మనిషి."

"సస్తే నేనెట్ల ఊరుకుంటానే? నాది ఓ పాజిటివ్. గట్టి రక్తం. ఎన్ని పాయింట్లు కావల్లో తీసుకోండి" అని తాత చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

రక్తం చూసే గదిలో కుర్రవాడు తాత వేలు పొడిచి, గాజుబిళ్ళ మీద చుక్కలు వేసి, వాటిలో ఏవో రంగునీళ్ళు కలిపి, బిళ్ళను అటూ ఇటూ ఊపాడు.

"బి పాజిటివ్."

"మల్లా సూడప్పా."

"చూశాను పెద్దాయనా."

"ఈ ఏలు వద్దు, ఇంకో ఏలు పొడువు."

కుర్రవాడు నవ్వాడు. "పది వేళ్ళల్లోనూ ఒకటే రక్తం ఉంటుంది. అయినా నీకు వయసు మీరింది, నీది తీసుకోం. వయసులో ఉన్న మనిషిని పిలిపించు. ఏ గ్రూపయినా సరే, దానికి బదులు మేం సరైనది ఇస్తాం. మీ ఇంటామెది ఓ పాజిటివ్."

"ఎవురిది?"

"మీ ఇంటామెది."

తాత బయటికొచ్చి వరండాలో నిలబడ్డాడు. అరచేయి తెరిచి చూసుకున్నాడు. ముప్పై ఏండ్లుగా టెంకాయ నిలబడిన చెయ్యి. వేలి చివర దూది అంటుకుని ఉంది. అది తన చెయ్యేనా అన్న అనుమానం వచ్చింది ఆయనకు.

ఊరికి ఫోను చేయిస్తే సాయంత్రం బస్సుకు ఓబులేషే వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే పోయి పడుకుని అత్త కోసం రక్తమిచ్చి, మోచేతి మడతలో దూది అదుముకుంటూ తాత పక్కన కూర్చుని టీ తాగాడు.

"మామా, వచ్చే సోమవారం ఎద్దులను సంతకు తోలుకుపోతాండా. బ్యారగాడు ధర మాట్లాడినాడు. బుధవారం బండి వస్తాది. పాయింటు సుట్టూ నేను కొట్టిన కంప సూసినావా? పిట్ట గూడా వాలదు."

"ఊ" అన్నాడు తాత.

"ఏందట్ల ఉండావు? అత్తకేం గాదులే మామా. నా రక్తం ఎక్కితే రేపట్నుంచి నిన్ను ఇంకా గట్టిగా తిడతాది."

తనది ఓ కాదు, బి అని తాత అప్పుడే చెప్పాల్సింది. మిగతావాళ్ళ సంగతి వేరు. వీడు ఇప్పుడే తన భార్య కోసం చెయ్యి చాపి వచ్చాడు. వీని దూది మీద రక్తపు చుక్క ఇంకా తడిగా ఉంది. తాత టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఓబులేషు ఆ దిగులంతా జేజి కోసమే అనుకుని, తాత భుజం తట్టి, బస్సుకు పోయాడు.

ఆపరేషను బాగానే జరిగింది. ఆదివారం నాడు జేజిని కిటికీ పక్క కూర్చోబెట్టుకుని తాత ఊరి బస్సెక్కాడు. కిటికీలోంచి చేలు కనబడుతూ వచ్చాయి. ఇదివరకు ఆ దారిలో తాత పాయింట్లు చూపించుకుంటూ వచ్చేవాడు. అదిగో ఆ పచ్చగా ఉన్నది నాది. అదిగో ఆ మోటారు కొట్టం కనబడేది నాది. కానీ పచ్చగా ఉన్నవే చూపించేవాడు. ఆ రోజు మిగతావి కనబడ్డాయి. చేను మధ్యలో తుప్పుపట్టిన గొట్టం, పిల్లలు పడకుండా దాని నోటి మీద పెట్టిన బండ. ఒక చేలో ఒకటి. ఇంకో చేలో పక్కపక్కనే. బస్సు మలుపు తిరిగితే అటువైపు కూడా అవే. కొన్నింటి మీద కాకులు వాలి ఉన్నాయి. ఆ చేలవాళ్ళ పేర్లన్నీ తాతకు తెలుసు. వాళ్ళల్లో ఎవరు ఊళ్ళో ఉన్నారు, ఎవరు లేరు అనేదీ తెలుసు. జేజి తల ఆయన భుజం మీద వాలింది. ఆమె నిద్రపోతోందనుకుని, "సోమక్కా, నాది బి అంట" అన్నాడు మెల్లగా.

"తెలుసు" అంది జేజి కళ్ళు మూసుకునే. "ఆ పిల్లోడు నాకూ చెప్పినాడు. ఓ పాజిటివ్ ఇంట్లో పండబెట్టుకుని, ఊరూరా తిరిగినావు కదయ్యా."

"నవ్వొద్దు."

"నవ్వితే కుట్లు లాగుతాండాయి. ఓబులేషుకు చెప్పినావా?"



ఇంటికి చేరాక ఆమెను మంచం మీద చేర్చి, పొద్దు ఉండగానే టెంకాయ చేతబట్టుకుని ఓబులేషు చేలోకి పోయాడు. రక్తం బి అని తేలింది కదా, ఇప్పుడు టెంకాయ లేస్తుందా లేదా చూడాలనిపించింది. కంప పక్కకు జరిపి, రాయి దగ్గర నిలబడి, చెయ్యి చాపాడు. లేచింది. ఎప్పటి మాదిరే లేచింది. ఒక్క క్షణం ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. ఆసుపత్రివాళ్ళకేం తెలుసు!

ఆ సంతోషంలో ఆయన ఒక పని చేశాడు. అన్నేండ్లలో ఎన్నడూ చేయని పని. కళ్ళు పూర్తిగా తెరిచి, అరచేతిని చూస్తూ మళ్ళీ పట్టాడు. టెంకాయ లేవకముందు చిటికెనవేలు కదిలింది. చీమ కుట్టినప్పుడు కదిలినంత. ఆ తర్వాతే టెంకాయ లేచింది.

తాత చేను దాటి నల్లరాతి గుట్ట ఎక్కాడు. ఒక్క గడ్డిపోచ మొలవని గుట్ట అది. బండరాయి మీద నిలబడి, ఇక్కడ నీళ్ళున్నాయి అని మనసులో అనుకున్నాడు. టెంకాయ లేచింది. ఇక్కడ లేవు అనుకున్నాడు. పడుకుంది. ఉన్నాయి. లేచింది. మా తాత ఆ రాతి మీద అట్లాగే కూలబడ్డాడు. మోసం చేశానా అని తన్ను తానే అడిగాడు. మోసమని తెలిసి చేసినది కాదు. కానీ దుమ్ము లేచిన చేలకు ఆ సంగతితో పనేముంది?

సోమవారం తెల్లారి ఓబులేషు వాకిట్లో ఎద్దులకు స్నానం చేయిస్తున్నాడు. కొమ్ములకు నూనె రాసి, మెడకు కొత్త తాళ్ళు కట్టాడు. హనుమన్న చుట్ట కాల్చుకుంటూ గట్టు మీద కూర్చుని, ఎంతకు తక్కువైతే ఇవ్వకూడదో సలహా చెబుతున్నాడు. తాత పోయి ఎద్దుల ముందు నిలబడ్డాడు.

"సంతకు పోవద్దు ఓబులేషూ."

"ఏం మామా, దినం బాగలేదా?"

"నాది ఓ పాజిటివ్ కాదురా. బి అంట."

ఓబులేషు చెంబు పట్టుకుని చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. "దానికా! ఆసుపత్రోల్లు ఎవురి సుక్క ఎవురికో కలిపింటారు. నీ చేతిలో టెంకాయ లేస్తాంది కదా, అంతకన్నా ఏం కావల్ల?"

"రక్తం మాట ఇడిసిపెట్టు. ఏలు రా. నా ఏలే లేపుతాండాది. రాతిగుట్ట మీద గూడా లేపింది. నిన్న సూసుకున్నా."

హనుమన్న చుట్ట నోట్లోంచి తీశాడు. "అంటే నా కోడలు దాటలేదు."

"దాటలేదు."

"నా కుక్క?"

"దానికి గూడా చెప్పు హనుమన్నా, తప్పు నాదేనని."

"అది సచ్చి శానా దినాలైంది కదప్పా" అన్నాడు హనుమన్న. ఆ మాటలో ఎగతాళి ఉందో బాధ ఉందో తాతకు తెలియలేదు.

ఓబులేషు ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. "మరి మీ తమ్మునికి నీళ్ళెట్ల పడినాయి హనుమన్నా? ఈయనే కదా పాయింటు పెట్టింది?" అని అటు అడిగి, ఇటు తిరిగి, "చెప్పు మామా, ఎట్ల పడినాయి?" అన్నాడు.

"పడినాయి. అంతే. ఉన్నచోట పడినాయి, లేనిచోట పడలేదు. నేను నడుమ నిలబడినా."

"ఈ మాట ఇప్పుడు చెప్తావా? మొన్న నేను రక్తమిచ్చి నీ పక్కన కూర్చున్నప్పుడు నోరు మెదపలేదే!"

"నోరు రాలేదు రా."

"ఇప్పుడెందుకు వచ్చింది? రాకుండా ఉంటే ఏం పోయేది? నాకు ధైర్యమన్నా ఉండేది!" ఓబులేషు చెంబు విసిరికొట్టాడు. ఎద్దులు బెదిరి వెనక్కి జరిగాయి. "నువ్వు రాయి పాతినప్పట్నుంచి నాకు ఉండేది ఆ పాయింటొక్కటే మామా. పండుకుంటే అదే, లేస్తే అదే. దాన్ని గూడా పీక్కుంటివి."

తాత పోయి చెంబు ఏరుకొచ్చి గట్టు మీద పెట్టాడు. తాను నీళ్ళు చూపించలేనని చెప్పడానికే ఇంత కష్టపడి వచ్చాడు. చెప్పాక పోయేది నీళ్ళు మాత్రమే కాదని ఆయనకు తోచలేదు.

అప్పటిదాకా గడపలో నిలబడి వింటున్న గిడ్డమ్మ కొంగు బిగించి కిందికి దిగింది. "మామా, ఒకటే చెప్పు. ఈ చేను నీదై, ఈ ఎద్దులు నీవైతే, అమ్మి ఆడ బోరు ఏపిస్తావా?"

తాత దగ్గరున్న ఎద్దు గంగడోలు నిమిరాడు.

"ఏపించను."

గిడ్డమ్మ మొగుని చేతిలోంచి పగ్గాలు తీసుకుని ఎద్దులను మళ్ళీ కొట్టంలోకి తోలింది.

ఓబులేషు ఊరుకోలేదు. వానికి ఇంకో ఆశ తట్టింది. "అత్తది ఓ అంట కదా! నాకు ఆ రక్తం గదిలోనే చెప్పినారు" అని దేవుని గూట్లోంచి టెంకాయ తీసుకుని మా ఇంటికి పరుగెత్తాడు. వాని వెనక గిడ్డమ్మ, ఆమె వెనక హనుమన్న, అందరికంటే వెనక తాత. జేజి పంచలో మంచం మీద పడుకుని ఉంది. ఓబులేషు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె అరచేయి తెరిచి టెంకాయ పెట్టాడు.

"అత్తా, ఒక్కసారి. నిన్ను మంచంతోనే ఎత్తుకుని చేలోకి తీసుకపోతా. నడవాల్సిన పని గూడా లేదు."

జేజి టెంకాయ వైపు చూసింది. వాని ముఖం వైపు చూసింది. వాని మోచేతి మడతలో సూది గుచ్చిన చోట కమిలి ఉన్న నల్లమచ్చ వైపు చూసింది. వాని తల నిమిరింది. అప్పుడు టెంకాయను గిడ్డమ్మ చేతికిచ్చింది.

"దీన్ని కొట్టి పచ్చడి నూరు గిడ్డమ్మా. నోరు సప్పగా ఉండాది."

గిడ్డమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే గడప మీద కూర్చుని ఏడ్చింది. ఓబులేషు లేచి ఎటో నడిచిపోయాడు.

బుధవారం బండి రాలేదు. ఆ వారంలోనే ఓబులేషు కుటుంబం సుగ్గికి బయలుదేరింది. శివానిని తమ దగ్గర వదిలిపెట్టమని జేజి కబురు పంపితే ఓబులేషు ఒప్పుకోలేదు. మామ వాకిలి తొక్కలేదు. ఎద్దులను మాత్రం గిడ్డమ్మ తోలుకొచ్చి మా గుంజకు కట్టి, "ఇవి మీ మీద భారం" అని పోయింది.

ఆ ఎండాకాలమంతా తాత ఆ జతను పిల్లలను సాకినట్టు సాకాడు. మేత లేదు. తెల్లారి లేచి గట్ల వెంట గరిక పీకి తెచ్చేవాడు, తుమ్మకాయలు రాల్చేవాడు, ఇంటి కప్పు మీది పాత బోదగడ్డి కూడా పీకి వేశాడు. ఇంటి కప్పు పలచబడి మధ్యాహ్నం ఎండ అన్నం పళ్ళెంలో పడేది. జేజి పళ్ళెం పక్కకు జరుపుకునేది.

ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. దుమ్ము లేచినవాళ్ళు ఎదురుపడితే తిట్టారు, కొందరు తిట్టకుండా మొహం తిప్పుకున్నారు. నీళ్ళు పడినవాళ్ళు మాత్రం నమ్మలేదు. అయ్యన్నకు మతి చలించిందన్నారు. పై ఊళ్ళ నుంచి మోటారుసైకిళ్ళ మీద ఇంకా మనుషులు వచ్చేవాళ్ళు.

"నా చేతిలో ఏమీ లేదప్పా. రక్తం గూడా బి."

"బి అయినా ఏం గాదులే పెద్దాయనా. నీ నోటి మాట సాలు."

"ఆ మాట నేను అనను."

వాళ్ళు కాసేపు బతిమాలి, ఇంకో ఊళ్ళో ఇంకో మనిషిని వెతుక్కుంటూ పోయేవాళ్ళు. ఆ మనిషి రక్తం ఓ అని వాళ్ళకు గట్టి నమ్మకం. ఆ బళ్ళ వెనక లేచే దుమ్మును చూస్తూ తాత నిలబడిపోయేవాడు. తాను మానేస్తే ఆగేది కాదని ఆయనకు తెలిసిపోయింది.

అనను అన్న ఆ మాటను తాత నిజంగానే మానేశాడు. గోడకున్నది "ఆ బొక్కలు" అయింది. పంచాయితీలో ఎవరైనా ముత్తాతల దగ్గర మొదలుపెడితే సాయంత్రం దాకా కూర్చుని విన్నాడు. పులుసులో ఉప్పు సరిపోయిందా అని జేజి అడిగితే "సరిపోయింది" అని ఊరుకున్నాడు. జేజికి అది మింగుడుపడలేదు. "ఒకసారన్నా అనయ్యా" అని ఒక రోజు గట్టిగానే అడిగింది. "ఇల్లు బోసిగా ఉండాది." తాత అన్నం కలుపుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

తొలకరికి ఓబులేషు తిరిగొచ్చాడు. ఎండకు నల్లబడి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాడు. శివాని చేతులకు మిరప మంట తగ్గక అరచేతులు ఊదుకుంటూ ఉండేది. అది మళ్ళీ బడికి పోలేదు. ఓబులేషు మా వాకిట్లోకి వచ్చి, ఎద్దుల వీపులు నిమిరి, డొక్కలు తడిమి చూశాడు. డొక్కలు నిండుగా ఉన్నాయి. పగ్గాలు విప్పాడు. తాత దూలం కింద నిలబడి ఉన్నాడు. "పోతాండా" అన్నాడు ఓబులేషు. అన్నది తాతతోనో ఎద్దులతోనో తెలియదు.

మర్నాడు వాడు చేను దున్నుతుంటే తాత దూరం నుంచి చూశాడు. సాళ్ళు తిన్నగా పోతూ పోతూ, పడమటి గట్టు దగ్గర ఆ రాయి చుట్టూ వంపు తిరిగి, మళ్ళీ తిన్నగా వచ్చాయి. పసుపు కడుక్కుపోయి అది ఉత్త రాయిగా మిగిలింది. ఓబులేషు దాన్ని పీకెయ్యలేదు. తాత కూడా పీకెయ్యమనలేదు. వానలు అంతంతమాత్రమే. ఉల్లిగడ్డకు కాదు గానీ జొన్నకు సరిపోయాయి. మామా అల్లుళ్ళు ఇప్పటికీ ఎదురుపడితే పలకరించుకుంటారు, కూర్చుని మాట్లాడుకోరు.

ఇదంతా రాద్దామని కూర్చున్న ఈ మనవరాలు తాతను చాలాసార్లే విసిగించింది. ఆఖరుకు ఒక రోజు, ఆయన పగ్గం పేనుకుంటూ ఉంటే, అడగాల్సింది అడిగేసింది.

"తాతా, ఇంతకీ ఓబులేషు మామ చేలో ఆ రాయి కింద నీళ్ళుండాయా, లేవా? ఒక్క మాట చెప్పు, రాసుకుంటా."

తాత పేనడం ఆపలేదు.

"నాకు తెల్దు. ఏడో తరగతి సగంలో ఇడిసినదానివి, నీకసలే తెల్దు. తెలిసినట్ల రాసినావంటే చేతులిరుస్తా."